హీరోగారి ఊపిరి

మా స్టూడియోలో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. ఎవరు ఏ గొంతు ఇస్తే అదే వాళ్ళ పేరు. పరాయి భాష సీరియళ్ళకు మన భాషలో గొంతులు అతికించడం మా పని. అందులో నేను హీరోని. నవ్వితే నవ్వండి, నాకు అలవాటే. తెర మీద ఆరడుగుల మనిషి, భుజాలు గుమ్మానికి అడ్డంపడేంత ఉన్నవాడు, మోటారుసైకిలు దిగుతూ పెదాలు కదిపితే వాటిలోంచి వచ్చే మాట నాది. నేను మాత్రం బక్కపలచగా, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, మెడకు మఫ్లరు చుట్టుకుని ఉంటాను. మఫ్లరు గొంతు కోసం. నాకు వేరే ఆస్తులేవీ లేవు కాబట్టి దాన్నే భద్రంగా చూసుకుంటాను.

మా విలన్ గారు పరమ నెమ్మదస్తుడు. పొద్దున్నే వచ్చి వరండాలో పూలకుండీలకు నీళ్ళు పోస్తాడు. ఎండుటాకులు ఒక్కొక్కటే తుంచుతూ, "ఏమ్మా, నిన్న సరిగ్గా తాగలేదా?" అని మొక్కల్ని పలకరిస్తాడు. ఆ పలకరింపు విని కొత్తగా చేరిన ఆఫీసు అమ్మాయి ఒకసారి టీ గ్లాసు కింద పడేసింది. ఎన్నో ఏళ్ళుగా ఎందరి పీకలనో నొక్కించిన గొంతు అది, మెత్తగా మాట్లాడినా వినేవాళ్ళకు ముచ్చెమటలు పోస్తాయి.

చిన్నపిల్లల గొంతు పాపగారిది. పాపకు అరవై దాటాయి, పళ్ళసెట్టు ఉంది, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళను తిట్టుకుంటుంది. కానీ మైకు ముందు నిలబడి "అమ్మా, నాకు నిద్రొస్తోంది" అందంటే ఎంతటివాడికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది. అందరూ ఆవిడను గౌరవంగా పాపగారూ, మీరూ అంటారు.

ఇక వదిన. ఆవిడ మా అన్నయ్య భార్య, మా సౌండ్ ఇంజనీరు. నేను వదినా అంటానని స్టూడియో మొత్తం వదినా అనడం మొదలుపెట్టింది, ఆవిడ కంటే ఎంతో పెద్దవాడైన డైరెక్టరుతో సహా. ఆవిడవి పాము చెవులు. అద్దానికి అవతల కూర్చుని, లోపల మైకు ముందున్నవాడు పొద్దున టిఫిను తిన్నాడో లేదో కడుపు చప్పుడును బట్టి చెప్పేస్తుంది. ముక్కు మీద కోపం. నేను వాళ్ళింట్లోనే పై గదిలో ఉంటాను. ఇన్నేళ్ళొచ్చినా పెళ్ళెందుకు కాలేదని మీరు అడక్కండి, రోజూ వదిన అడుగుతోంది, ఒకరు చాలు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఒక రోజు ఈ హీరో ఊపిరాడక చచ్చిపోబోయాడు, దానికి వీళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఆ రోజు సీనులో విలన్ మనుషులు హీరోను కారు డిక్కీలో పడేసి మూత వేస్తారు. హీరోకు మాటలు లేవు, ఆయాసమే. ఊపిరికి డబ్బింగ్ ఏమిటి అనకండి. మా పనిలో సగం ఊపిరే. పరిగెత్తితే ఒక రకం, దెబ్బ తగిలితే ఒక రకం, ప్రేమలో పడితే మరో రకం. మా వాయిస్ రూమ్ పెద్ద అల్మారా కంటే కాస్త వెడల్పు, అంతే. గోడలకు మందపాటి స్పాంజి. తలుపు రెండు చేతులతో లాగితే గానీ పడదు, పడ్డాక చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది. టేకు జరిగినంతసేపూ ఏసీ ఆపేస్తారు, ఆ గాలి కూడా మైకుకు వినబడుతుందని.

ఎర్రదీపం వెలిగింది. ఆయాసం మొదలుపెట్టాను. మొదట్లో అది నా చేతిలోనే ఉంది. ఉన్నట్టుండి జారిపోయింది. ఇక నేను ఆయాసపడటం లేదు, ఆయాసమే నన్ను పట్టుకుని ఊపేస్తోంది. గుండె దడదడమని గొంతులోకి వచ్చి కూర్చుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. నోరు పిడచకట్టుకుపోయింది. గోడలు దగ్గరికొస్తున్నాయి. పోతున్నాననే నిశ్చయమైపోయింది నాకు, అదీ డైలాగు లేని సీనులో.

హెడ్‌ఫోన్లలో డైరెక్టరు గొంతు వినబడింది. "అద్భుతం! ప్రాణం పెట్టేస్తున్నారు హీరోగారూ! సేఫ్టీకి ఒన్ మోర్!"

నేను పెట్టడం లేదు మహానుభావా, అది తనంతట తనే పోతోంది. అద్దం అవతల విలన్ గారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. పాపగారు కళ్ళు తుడుచుకుంటోంది. నా నటనకు అలాంటి మర్యాద అంతకు ముందెప్పుడూ దక్కలేదు.

గమనించింది వదినొక్కతే. ఎలాగంటే, తెర మీద హీరో అప్పటికే డిక్కీలోంచి బయటపడి, మొహం కడుక్కుని, హీరోయిన్ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేనింకా డిక్కీలోనే ఉన్నాను. ఆవిడ కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, పరుగున వచ్చి తలుపు లాగింది.

ఆసుపత్రిలో ఉన్న పరీక్షలన్నీ చేశారు. గుండె డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "మీ గుండె నా గుండె కంటే బాగుంది. ఇది పానిక్ ఎటాక్" అన్నాడు. నాకు కొంచెం అవమానంగానే అనిపించింది. అంత చావు చచ్చినవాడికి చూపించుకోవడానికి ఒక చిన్న లోపమైనా లేదంటే ఎలా? పక్కనే నిలబడ్డ వదిన మాత్రం గోడకు చేరగిలపడి, "అమ్మయ్య" అంది, ఒకే ఊపిరిలో.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. అవలేదు. అది మళ్ళీ వచ్చింది. లిఫ్టులో వచ్చింది. క్షౌరశాలలో, సగం గడ్డానికి నురగతో ఉన్నప్పుడు వచ్చింది. సూపర్‌మార్కెట్లో బిల్లు వరసలో నా ముందు ఒక్కరే ఉన్నప్పుడు వచ్చింది, బుట్ట అక్కడే వదిలేసి బయటపడ్డాను. కొన్నాళ్ళకు అది రాకపోయినా, వస్తుందేమో అన్న భయం మాత్రం ఇంటి మనిషిలా తిరగసాగింది. అన్నిటికంటే వాయిస్ రూమ్ అంటే హడల్. తలుపు పడదన్న ధైర్యం కోసం గుమ్మంలో నా చెప్పు అడ్డం పెట్టుకుని డైలాగులు చెప్పేవాణ్ణి. ఆ సందులోంచి వరండాలో గ్లాసుల చప్పుడు, పక్క వీధిలో డ్రిల్లింగు, అన్నీ లోపలికొచ్చేవి. వదిన కూర్చుని వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లో ఏరిపారేసేది. పైగా నా ఊపిరి కాస్త తడబడితే చాలు, నాకంటే ముందే ఆవిడకు తెలిసిపోయేది. పరిగెత్తుకొచ్చి తలుపు బార్లా తెరిచేది.

ఇక సలహాలు. అందరూ నా మంచి కోరేవాళ్ళే, అదే వచ్చిన చిక్కు.

"మీరు హీరో అండీ, మీరే భయపడితే ఎలా?" అనేవాడు డైరెక్టరు.

"దేని గురించీ ఆలోచించకురా" అనేవాడు అన్నయ్య. ఆలోచించకూడదని రోజంతా ఆలోచించేవాణ్ణి.

విలన్ గారు మాటలతో సరిపెట్టలేదు. ఒక రోజు సిగ్గుపడుతూ వచ్చి, "బాబూ, మీకోసం ఒకటి రికార్డు చేశాను. భయమేసినప్పుడు వినండి" అని నా ఫోనుకు పంపించాడు. నాకు ఎంతో ముచ్చటేసింది. మర్నాడు లిఫ్టులో గుండె దడ మొదలవగానే, ఇయర్‌ఫోన్లు ఇంట్లో మర్చిపోయాను కాబట్టి, పైకే పెట్టాను.

"భయపడకు..." అంది ఫోను, పాతాళంలోంచి వచ్చినట్టు. "నీకేమీ కాదు... నేనున్నాగా... నెమ్మదిగా... కళ్ళు మూసుకో..."

మా సీరియళ్ళలో ఆయన ఆ మాట ఎవరితో అన్నా, వాళ్ళు మరుసటి భాగంలో కనబడరు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. లిఫ్టులో నాతో ఉన్న ఆవిడ నా వంక ఒకసారి, ఫోను వంక ఒకసారి చూసి, తన అంతస్తు రాకుండానే దిగిపోయింది.

ఈ సంగతి చెబితే విలన్ గారి మొహం చిన్నబోయింది. "పోనీ మామూలు గొంతుతో చెప్పి పంపనా?" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, "మామూలు గొంతు కూడా ఇదే బాబూ" అన్నాడు. ఆయన్ను చూస్తే జాలేసింది. ఆ రోజు నుంచి ఆయన మాట మానేసి, పొద్దున్నే మొక్కలతో పాటు నాకూ ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి వాయిస్ రూమ్ మూలలో పెట్టి వెళ్ళేవాడు. ఆ గ్లాసు నాకు ఆయన మాటల కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఇలా చెప్పు అడ్డం పెట్టుకుని ఎన్నాళ్ళయినా నెట్టుకొచ్చేవాణ్ణే, ఆ సీరియల్ చివరి భాగం రాకపోతే. డైరెక్టరు చెవి మీది పెన్సిలు తీసి చేతిలో తిప్పుతూ నన్ను పక్కకు పిలిచాడు.

"చివరి భాగమంతా గుసగుసలే హీరోగారూ. నేలమాళిగలో హీరో, విలన్ ఎదురెదురుగా నిలబడి గుసగుసలాడుకుంటారు. తలుపు తెరిచిపెట్టి గుసగుసలు రికార్డు చేస్తే పక్కింటి కుక్కకు కూడా డైలాగు ఇచ్చినట్టవుతుంది. వదిన మాత్రం ఎన్నని ఏరుతుంది?"

"మరి?"

"తలుపు మూసి చెప్పాలి. నెల తిరిగేలోగా. మీవల్ల కాకపోతే ఇంకో గొంతు చూస్తాను. నాకిష్టమై కాదు."

ఆయన మంచివాడే, అబద్ధం చెప్పలేదు. కానీ నాకు కాళ్ళ కింద నేల కదిలింది. ఆ హీరో మొహానికి నేను మొదటి భాగం నుంచీ గొంతుని. వాడి ప్రేమలూ, వాడి చావు తప్పి కన్ను లొట్టపోవడాలూ అన్నీ నావే. మా పనిలో ఒక మొహానికి గొంతు మారిందంటే మారినట్టే. జనం నాలుగు రోజులు గొణిగి కొత్తదానికి అలవాటు పడిపోతారు. ఆ తర్వాత నన్ను పిలవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మఫ్లరు చుట్టుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే.

అప్పుడు వెళ్ళాను కౌన్సెలర్ దగ్గరికి. అంతకు ముందు గుండె డాక్టరు వెళ్ళమన్నప్పుడు, నాకేం పిచ్చా అని వెళ్ళలేదు. తోడుకు వదిన వచ్చింది. చేతులు కట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది, అవతలి మనిషి ఒక్క మాట తప్పుగా అన్నా లేచి పోట్లాడేలా.

కౌన్సెలర్ నా వయసుదే, తొందర లేని మనిషి. నేను చెప్పిందంతా వింది. డిక్కీ దగ్గర నవ్వు ఆపుకోలేక క్షమించమంది, దాంతో నాకు ఆవిడ మీద నమ్మకం కలిగింది.

"మీ గుండె దడ నిజమే. ప్రమాదమే అబద్ధం" అంది. "ఒంటికి తప్పుడు కబురు అందుతోంది. అది లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, తనంతట తనే దిగుతుంది. అది దిగేదాకా మీరెప్పుడూ లోపల ఉండలేదు. తలుపు తీయగానే బయటపడుతున్నారు. అందుకని, తలుపు తీయబట్టే బతికానని మీ ఒళ్ళు నేర్చుకుంటోంది. ఇంతకీ తలుపు ఎవరు తీస్తున్నారు?"

వదిన బళ్ళో పిల్లలా చెయ్యెత్తింది.

"ఇకమీదట ఆయన్ను అడిగి తీయండి."

"అడిగేలోగా ఏమన్నా అయితే?"

"ఏమీ కాదు. కష్టంగా ఉంటుంది, అంతే. ఆయనకు, మీకు కూడా."

తిరిగొచ్చేటప్పుడు బస్టాపులో వదిన నా పక్కన నిలబడింది. బస్సు మలుపు తిరుగుతుండగా అంది, "ఆవిడ సులువుగా చెప్పేసిందయ్యా. అద్దంలోంచి నువ్వలా కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవాలంట. నా చేతులు నా మాట వినవు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టికెట్లు నేనే తీసుకుంటానన్నాను.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. నాతో పాటు గదిలో కూర్చోవడానికి పాపగారు తనంతట తనే ముందుకొచ్చింది. ఒక చిన్న స్టూలు, ఒళ్ళో ఊలు, చేతుల్లో సూదులు. మొదట గుమ్మంలోంచి చెప్పు తీశాం. తర్వాత తలుపు సగం దాకా వేశాం. ఆ పైన వేలెడంత సందు మాత్రం ఉంచాం. అది వచ్చినప్పుడల్లా పాపగారు ఊరుకో అనలేదు, ధైర్యం తెచ్చుకో అనలేదు. "ఉండనా, వెళ్ళనా?" అని అడిగేది. ఉండమంటే ఉండి, స్వెట్టరు అల్లుకునేది.

ఒక రోజు ముచ్చెమటలతో నేను గోడకు ఆనుకుని ఉంటే, తన పాప గొంతుతో, "అంకుల్, మీ కళ్ళద్దాలు ఏడుస్తున్నాయి" అంది. తీసి చూస్తే నిజంగానే ఆవిరి పట్టి కారుతున్నాయి. అంత భయంలోనూ కిసుక్కున నవ్వాను. నవ్వితే భయం పోయిందని చెప్పను, పోలేదు. కానీ దాని పక్కనే నవ్వుకు కూడా చోటుందని ఆ రోజు తెలిసింది.

"మీకెలా తెలుసు పాపగారూ ఇవన్నీ?" అని అడిగాను.

ఆవిడ సూదులు ఆపలేదు. "మా ఆయన పోయిన కొత్తలో నాకూ వచ్చేవి. కూరగాయల మార్కెట్లో, బస్సులో. ఎవరితోనూ అనలేదు. నేను ఏడిస్తే మీ డైరెక్టరు బాగుందని ఒన్ మోర్ అంటాడు గానీ, ఊరుకోబెట్టేదెవరు? ఒక్కదాన్నే కూర్చుని దిగేదాకా చూసేదాన్ని. తోడుంటే బాగుండేదనిపించేది."

మరో సంగతి కూడా చెప్పాలి. ఊపిరి నెమ్మదిగా వదలమని కౌన్సెలర్ చెబితే, ఊపిరి గురించి నాకు చెప్పేదేమిటని లోపల నవ్వుకున్నాను. తీరా చూస్తే, ఇన్నేళ్ళుగా నేను చేసిందంతా పీల్చడమే. కొట్టబోయే ముందు, దూకబోయే ముందు, కేకేయబోయే ముందు గుండెల నిండా పీల్చడం. తీరిగ్గా వదిలే హీరో ఎవరూ నాకు తగల్లేదు. ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాను.

మధ్యలో వదినకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. అది వస్తే నేను అరచెయ్యి చూపిస్తాను. చెయ్యి తలుపు వైపు చూపిస్తే తీయాలి. కిందికి అదిమినట్టు చూపిస్తే తీయకూడదు. మొదటిసారి కిందికి చూపించినప్పుడు కూడా ఆవిడ తలుపు తీసేసింది. రెండోసారీ అంతే. "కంగారులో చూసుకోలేదయ్యా" అంది. అబద్ధం, ఆవిడ కళ్ళు నా మీదనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. "వదినా, నువ్వు నన్ను కాపాడుతున్నావో, నిన్ను నువ్వు కాపాడుకుంటున్నావో తేల్చుకో" అని అరిచాను. ఆ పూట ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోలేదు, మధ్యలో అన్నయ్య నలిగిపోయాడు.

చివరి భాగం రికార్డింగు రోజు వచ్చింది. ఆ వేళ లోపల పాపగారు ఉండటానికి లేదు, గుసగుసలకు సూదుల చప్పుడు కూడా ఎక్కువే. అందరూ అద్దం అవతల కూర్చున్నారు. మూలలో నీళ్ళ గ్లాసు పెట్టి విలన్ గారు వరండాలోకి వెళ్ళిపోయాడు, ఆయన డైలాగులు ముందురోజే రికార్డయ్యాయి. డైరెక్టరు ఇంకో గొంతుకు కబురు చేసి ఉంచాడని నాకు తెలుసు. తలుపు వదిన వేసింది. చెవుల్లో దూది కుక్కినట్టయింది.

తెర మీద నేలమాళిగ. విలన్ దగ్గరికొచ్చి హీరో చెవిలో ఒక మాట అడుగుతాడు. హీరో కళ్ళలోకి చూసి, "భయమంటే నాకు తెలీదు" అంటాడు. వాడి చేత ఆ ముక్క అనిపించడం నాకు కొత్తేమీ కాదు, ప్రతి సీరియల్లోనూ ఒకసారి అనిపించాను.

ఎర్రదీపం వెలిగింది. నా చెవుల్లో విలన్ గారి గుసగుస.

"భయంగా ఉందా?"

అంతే, వచ్చేసింది. నిక్షేపంగా, పిలిచినట్టు. గుండె గొంతులోకి, తిమ్మిరి వేళ్ళలోకి. తెర మీద హీరో పెదాలు కదిపి ఊరుకున్నాడు, లోపల మాట లేదు. సీను ముందుకు పోయింది. డైరెక్టరు పెన్సిలు విరిచేసినంత పని చేశాడు. అద్దంలోంచి వదిన మొహం పాలిపోయి కనిపించింది. హెడ్‌ఫోన్లలో ఆవిడ గొంతు వినబడింది, వీలైనంత మామూలుగా.

"నేనిక్కడే ఉన్నా. తీయనా, ఉంచనా?"

తీయమని చెప్పాలని ఒళ్ళంతా అరుస్తోంది. చెయ్యి లేపాను. తలుపు వైపు పోబోయిన చేతిని బలవంతాన కిందికి అదిమాను.

తలుపు తెరుచుకోలేదు.

నేను నిలబడ్డాను. అది లేచింది. నేను ఊపిరి వదిలాను, మళ్ళీ వదిలాను. ఇంక లేవదనుకున్నాను, ఇంకా లేచింది. పోతున్నానని మళ్ళీ నిశ్చయమైంది, ఇంతకు ముందు కూడా ఇలాగే నిశ్చయమైందని గుర్తొచ్చింది. అద్దం అవతల ఎవరూ కదల్లేదు. పాపగారు నా వైపే చూస్తూ సూదులు ఆడిస్తోంది. ఎంతసేపో తెలియదు. అది అక్కడే నిలబడి, నిలబడి, విసుగెత్తిన అతిథిలా దిగడం మొదలుపెట్టింది. చేతుల్లోకి వెచ్చదనం వచ్చింది. వంగి గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను. అంత రుచిగా నీళ్ళుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. వదిన వైపు తలూపాను.

ఆవిడ బొమ్మను వెనక్కి తిప్పింది. మళ్ళీ నేలమాళిగ, మళ్ళీ విలన్.

"భయంగా ఉందా?"

హీరో కళ్ళెత్తాడు. నేను నోరు తెరిచాను. కాగితం మీద ఉన్నది నా ఎదురుగా కనబడుతూనే ఉంది, కానీ ఆ క్షణాన ఆ అబద్ధం నా నోట రాలేదు.

"భయమంటే నాకు తెలుసు" అన్నాను.

మాట వాడి పెదాల మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. తెర మీద విలన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడు అక్కడ ఎందుకు వెనక్కి తగ్గుతాడో మాకెవరికీ అంతవరకు అర్థం కాలేదు. సీను చివరిదాకా చెప్పుకుపోయాను. ఎర్రదీపం ఆరింది. నేనే తలుపు తోసుకుని బయటికొచ్చాను.

డైరెక్టరు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "తెలీదు అని కదండీ రాసుంది!" అన్నాడు. ఆ ముక్క ఇంకోసారి వేయించుకుని చూశాడు. మళ్ళీ వేయమన్నాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "ఇదే ఉంచుదాం. ఇప్పుడు వాడు వెనకడుగు వేయడంలో అర్థముంది. ఆ రెండో గొంతును రావద్దని చెప్తాను" అన్నాడు. విలన్ గారు పరుగున వచ్చి నన్ను కావలించుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడో గానీ గుమ్మంలో ఆఫీసు అమ్మాయి మళ్ళీ ఉలిక్కిపడింది. పాపగారు అయిపోయిన స్వెట్టరు నా భుజాలకు ఆనించి కొలత చూసుకుంటోంది.

వదిన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. దగ్గరికెళ్ళాను. ఆవిడ తన రెండు చేతులనూ తొడల కిందినుంచి లాక్కుంది. అరచేతుల నిండా కుర్చీ అల్లిక అచ్చులు ఎర్రగా దిగి ఉన్నాయి. నేను లోపల ఉన్నంతసేపూ ఆవిడ తన చేతుల మీద కూర్చుంది. మెషీన్ మీది మీటలు మోచేత్తో నొక్కిందట, తర్వాత పాపగారు చెప్పింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అమ్మ పోయాక నన్ను ఎవరింత ప్రేమించారని అడిగితే ఇదిగో ఈ చేతులు చూపిస్తాను. కింద నేల మీద కూర్చున్నాను, ఆవిడ పక్కనే.

"వదినా, నేనిక్కడే ఉన్నా" అన్నాను. "ఉండనా, వెళ్ళనా?"

ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవులకు పెట్టుకుని ఆ ముక్క విని, మొహం చిట్లించింది.

"వెళ్ళు. 'భయ' దగ్గర మైకుకు గాలి తగిలింది. ఒన్ మోర్."

"వదినా!" అన్నాడు డైరెక్టరు. "బాగానే ఉందిగా!"

"మీకు బాగుంటుంది. నాకు వినబడుతోంది. ఒన్ మోర్."

నేను లేచి వాయిస్ రూమ్‌లోకి వెళ్ళాను. వదిన తలుపు వేయడానికి కుర్చీలోంచి లేవబోయింది. ఆవిడను కూర్చోమని, రెండు చేతులతో తలుపు నేనే లాక్కున్నాను.